చికాగో ఫైర్ మొదటి ఎపిసోడ్: కిటికీ పగలగానే మంట ఎందుకు విరుచుకుపడుతుంది?

సీరియల్‌పిచ్చి అడిగిన ప్రశ్న:

చికాగో ఫైర్ మొదటి ఎపిసోడ్ మళ్ళీ చూశాను, 2012 అక్టోబర్ 10న ఎన్‌బీసీలో వచ్చింది. తగలబడుతున్న ఇంట్లో ఆండీ డార్డెన్ అనే ఫైర్‌మన్ చనిపోతాడు. ఆ చావుకి కారణం నువ్వంటే నువ్వని అతని తోటి ఫైర్‌మన్లు కేసీ, సెవరైడ్ కొట్టుకుంటారు. కథ అర్థమైంది, పని అర్థం కాలేదు. ఈ సిరీస్‌లో ఏ ఎపిసోడ్ తీసుకున్నా "వెంట్ చెయ్యి", అంటే గాలి దారి తెరువు, అని అరుస్తూనే ఉంటారు. పొగ బయటికి పోతే మంచిదే కదా? మరి గాలి దారి తెరవగానే లోపల ఉన్నవాళ్ళ మీదికి మంట ఎందుకు వస్తుంది? బ్యాక్‌డ్రాఫ్ట్ అంటే ఇదేనా?

ఇంకో రెండు. వీపు మీది సిలిండర్ నిజంగా ఎంతసేపు వస్తుంది? ట్రక్ 81, స్క్వాడ్ 3 వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు, రంపాలే తప్ప నీళ్ళ పైపు ఎప్పుడూ ఉండదేం? ఎవరు గెలిచారు, ఎవరిది తప్పు అనే చర్చ వద్దు, దయచేసి.

బ్రాంచ్‌మన్63:

ముందు ఒక దిద్దుబాటు. టీవీలో మంట ఎగసిన ప్రతిసారీ "బ్యాక్‌డ్రాఫ్ట్" అనేస్తారు. మామూలు ఇంటి మంటల్లో అది అరుదు. ఎక్కువగా జరిగేది గాలి తగిలి వచ్చే ఫ్లాష్‌ఓవర్, అంటే గదిలో ఉన్నవన్నీ ఒక్కసారిగా భగ్గుమనడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, తలుపు ముందు నిలబడ్డవాడు తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటి కాదు.

తలుపులు, కిటికీలు మూసి ఉన్న ఇంట్లో సోఫా అంటుకుందనుకోండి. ఇప్పటి సోఫాలో ఉండేది పాలీయురేథేన్ ఫోమ్. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ పాత రకం దూది, చెక్క సామానుతో ఒక గది, కొత్త రకం ఫోమ్ సామానుతో ఒక గది పక్కపక్కన పెట్టి కాల్చింది. కొత్త గది మూడున్నర నిమిషాల్లో మొత్తం భగ్గుమంది. పాత గదికి దాదాపు 29 నిమిషాలు పట్టింది. అయితే ఆ గదులకి గాలి ధారాళంగా అందింది. మూసిన ఇంట్లో మంట గాలిని తినేసి, ఆక్సిజన్ 15, 16 శాతానికి పడిపోయేసరికి తనంతట తనే నీరసపడుతుంది. వేడి కూడా కాస్త తగ్గుతుంది. బయటి నుంచి చూసేవాడికి మంట ఆరిపోతున్నట్టే ఉంటుంది. కానీ గది నిండా ఉన్న ఆ నల్లటి పొగే ఇంధనం. కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన ఆవిర్లు, మసి, అన్నీ కాలడానికి సిద్ధంగా ఉన్నవే. లేనిది గాలి ఒక్కటే.

ఫైర్ ఇంజన్ సరిగ్గా ఆ సమయానికి చేరుతుంది. ఎవరో కిటికీ పగలగొడతారు. పైసగం నుంచి పొగ బయటికి వస్తుంది, కిందిసగం నుంచి చల్లటి గాలి లోపలికి దూరుతుంది. ఒక నిమిషం పాటు లోపల అంతా తేటపడుతున్నట్టు అనిపిస్తుంది, కొంప ముంచేది ఆ నిమిషమే. 2010లో యూఎల్ వాళ్ళు 1,200 చదరపు అడుగుల ఒంటంతస్తు ఇల్లు, 3,200 చదరపు అడుగుల రెండంతస్తుల ఇల్లు ప్రయోగశాలలో కట్టి, తలుపులూ కిటికీలూ రకరకాలుగా తెరిచి చూశారు. గాలి దారి తెరిచాక, నీళ్ళు పడకపోతే, లోపల ఫైర్‌మన్ నిలవలేని స్థితి రావడానికి పట్టిన సగటు సమయం ఒంటంతస్తు ఇంట్లో 100 సెకన్లు, రెండంతస్తుల ఇంట్లో 200 సెకన్లు. ఆ స్థితి నుంచి ఫ్లాష్‌ఓవర్‌కి చాలా ప్రయోగాల్లో పది సెకన్లు కూడా లేదు. అంటే ఒంటికి సెగ తగిలి "బయటికి పోదాం" అనుకునేలోపే అయిపోతుంది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: పొగ పోవడం మంచిదే, గొట్టంలో నీళ్ళు ఎక్కించి మంట మీద కొట్టడానికి మనిషి సిద్ధంగా ఉంటే. లేకపోతే పొగ పోవడం కంటే గాలి రావడమే ఎక్కువ పని చేస్తుంది.

బ్యాక్‌డ్రాఫ్ట్ విషయం వేరు. దానికి గది బాగా బిగుతుగా ఉండాలి, చాలాసేపు మగ్గి ఉండాలి. బయటికి మంట కనపడదు. అద్దాల మీద తారు లాంటి గోధుమరంగు మరక. తలుపు సందుల్లోంచి పొగ బుసబుసమని బయటికొచ్చి మళ్ళీ లోపలికి లాక్కుపోతుంది. ఆ స్థితిలో తలుపు తెరిస్తే గాలి నేలబారుగా లోపలికి పాకి, వేడి ఆవిర్లతో కలిసి, నిప్పు దొరికిన క్షణంలో ఆ గుమ్మం గుండానే అగ్నిగోళం బయటికి తంతుంది. ఫ్లాష్‌ఓవర్‌కి నిమిషాల లెక్క ఉంటుంది, దీనికి సెకన్లే. ఆ లక్షణాలు కనిపిస్తే ఆ తలుపు ముట్టుకోరు. ముందు పైభాగంలో దారి చేస్తారు.

ఇక ఫ్లాష్‌ఓవర్‌లో చిక్కుకున్నవాడికి ఎంత సమయం? అమెరికా ప్రమాణం ప్రకారం ఫైర్ కోటు, ప్యాంటు ఉష్ణరక్షణ విలువ కనీసం 35 ఉండాలి. దాన్ని రెండుతో భాగిస్తే, ఆ తీవ్రతలో చర్మం బొబ్బలెక్కడానికి పట్టే సెకన్లు: పదిహేడున్నర. టీవీలో నిలువెత్తు మంటల మధ్య నిలబడి రెండు డైలాగులు చెప్పుకుంటారు చూడండి, అదొక్కటి నమ్మకండి.

సీరియల్‌పిచ్చి:

చాలా థాంక్స్. అయితే మరి ఇంటి కప్పెక్కి రంపంతో బొక్క ఎందుకు కొడతారు? అది కూడా గాలి దారే కదా?

గొడ్డలి_కొక్కెం:

చికాగో ఇళ్ళని బట్టి ఆ అలవాటు. 1830ల్లో బెలూన్ ఫ్రేమ్ కట్టడం మొదలైంది చికాగోలోనే. గోడలోని చెక్క నిలువులు పునాది నుంచి కప్పు దాకా ఒకే ముక్కగా పోతాయి, మధ్యలో అంతస్తుకి అడ్డు ఉండదు. బేస్‌మెంట్‌లో అంటుకున్న నిప్పు గోడ లోపలి ఖాళీలోంచి నేరుగా అటక మీద తేలుతుంది. కింద గదుల్లో ఏమీ లేనట్టుంటుంది, అటకంతా కాలుతుంటుంది. కప్పు తెరిస్తే ఆ సెగ పైకి పోతుంది, కింద పైపు పట్టుకున్నవాళ్ళు ముందుకి కదలగలుగుతారు.

పద్ధతి ఏంటంటే, నిచ్చెన కొక్కెం కప్పు శిఖరానికి తగిలించి, ప్రతి అడుగుకీ ముందు గొడ్డలితో తట్టి చూస్తారు. మెత్తగా పలికితే అడుగు వెయ్యరు. మంటకి సరిగ్గా పైన, వీలైనంత ఎత్తులో కోస్తారు. పాత లెక్క నాలుగడుగులకి నాలుగడుగులు. రంపం కప్పు పలకని మాత్రమే కోయాలి, కింద దూలం తగిలిందని చెయ్యి చెప్పగానే పైకెత్తి దాటించాలి. దూలం తెగితే నిలబడ్డ చోటే కూలుతుంది. పలక లేపాక పని సగమే అయినట్టు. పొడవాటి కొక్కెంకర్రతో కింద గది సీలింగ్ కూడా పొడిచి తెరవాలి. అది చెయ్యకపోతే అటకలో గాలి మాత్రమే పోతుంది, గదిలో పొగ గదిలోనే ఉంటుంది. కొత్తవాళ్ళు మర్చిపోయేది ఇదే. కోసేటప్పుడు గాలి వీపుకి తగిలేలా నిలబడాలి, దిగే దారి తెగ్గోసిన బొక్కకి అవతల ఉండకూడదు.

బ్రాంచ్‌మన్ గారు చెప్పిన మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది. యూఎల్ వాళ్ళు తర్వాత కప్పు కోతల మీద చేసిన ప్రయోగాల్లో నాలుగడుగులకి ఎనిమిదడుగుల బొక్క కొట్టినా, నీళ్ళు పడకపోతే మంట పెరిగిందే గానీ తగ్గలేదు. కప్పు మీదివాడు కోసి ఉంచుకుని, కింది నుంచి "నీళ్ళు సిద్ధం" అని రేడియోలో వినపడ్డాక పలక లేపాలి. మొదటి ఎపిసోడ్‌లో గొడవ మనుషుల మధ్యది. అసలు పనిలో అలాంటి గొడవకి మూలం దాదాపు ఎప్పుడూ ఈ రేడియో మాటే. తెరిచినవాడికి నీళ్ళు ఎక్కడున్నాయో తెలియదు, నీళ్ళవాడికి తెరిచారని తెలియదు.

కిటికీ గుండా లోపలికి వెళ్ళి మనుషుల్ని వెతకడం వేరే ఎత్తుగడ. నిచ్చెన కొస కిటికీ గడపకి సమంగా గానీ కాస్త కిందికి గానీ ఆనాలి, పైకి పొడుచుకొస్తే మనిషిని దించేటప్పుడు అడ్డు. అద్దం ఒక్కటే కాదు, చట్రం కూడా పూర్తిగా విరగ్గొట్టాలి, ఎందుకంటే అదే తిరిగొచ్చే దారి. లోపలికి కాలు పెట్టేముందు పనిముట్టుతో నేల తట్టాలి, నేల ఉందా, కింద ఎవరైనా పడి ఉన్నారా అని. దూకగానే వెతకడం మొదలుపెట్టకూడదు. ముందు ఆ గది తలుపు దగ్గరికి పాకి, బయటి నడవ వైపు ఒకసారి చెయ్యి చాపి తడిమి, తలుపు మూసెయ్యాలి. ఆ ఒక్క తలుపు మూశారా, పగిలిన కిటికీకీ మంటకీ సంబంధం తెగిపోతుంది. గది తేటపడుతుంది, వెతకడానికి సమయం దొరుకుతుంది. మూయకపోతే మంటకీ కిటికీకీ మధ్య దారిలో మీరే నిలబడ్డట్టు.

గాలిలెక్క:

సిలిండర్ సంగతి నేను చెబుతాను. మీద రాసి ఉండే "30 నిమిషాలు", "45 నిమిషాలు" అన్నవి నిమిషానికి 40 లీటర్ల లెక్కన. 45 నిమిషాల సిలిండర్ అంటే సుమారు 1,800 లీటర్ల గాలి. 20 కిలోలకి పైగా సరంజామాతో మెట్లెక్కి, పైపు లాగేవాడు 40 దగ్గర ఆగడు, 80 నుంచి 100 దాకా పీలుస్తాడు. 100 అనుకుంటే మొత్తం 18 నిమిషాలు.

మొత్తం వాడుకోవడానికి కూడా లేదు. అమెరికా ప్రమాణం 2013 కూర్పు నుంచి హెచ్చరిక గంట 33 శాతం గాలి మిగిలి ఉండగానే మోగాలి. ఈ ఎపిసోడ్ వచ్చిన 2012లో వాడుకలో ఉన్న సిలిండర్ సెట్లు 25 శాతం దగ్గర మోగేవి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ లెక్కేయండి: 25 శాతం అంటే 450 లీటర్లు, నాలుగున్నర నిమిషాలు. 33 శాతం అంటే 600 లీటర్లు, ఆరు నిమిషాలు. గంట మోగాక బయల్దేరడం కాదు, గంట మోగేసరికి బయట ఉండాలన్నది నియమం. అంటే లోపల పని చేసే సమయం 12 నిమిషాలు, అందులోనే రానూపోనూ.

ఈ లెక్క ఎందుకు బిగించారో తెలియాలంటే అమెరికాలోని ఫీనిక్స్ నగరం సంగతి చూడాలి. 2001 మార్చి 14న అక్కడి సౌత్‌వెస్ట్ సూపర్‌మార్కెట్ మంటలో బ్రెట్ టార్వర్ అనే ఫైర్‌మన్ దారి తప్పి, గాలి అయిపోయి చనిపోయారు. తర్వాత ఆ శాఖ ఖాళీ గోదాముల్లాంటి చోట్ల రక్షణ అభ్యాసాలు పదేపదే పెట్టి కొలిచింది. పడిపోయిన ఒక్క ఫైర్‌మన్‌ని బయటికి తేవడానికి పన్నెండు మంది, 21 నిమిషాలు. కాపాడటానికి వెళ్ళిన ప్రతి ఐదుగురిలో ఒకరు తామే ఆపదలో పడ్డారు. నాలుగున్నర నిమిషాల గాలి ఎదురుగా 21 నిమిషాలు పెట్టి చూడండి. అందుకే కాపాడే జట్టు తమతో విడిగా సిలిండర్, మాస్క్, గాలి ఎక్కించే గొట్టం ఉన్న సంచి తీసుకెళ్తుంది. సిలిండర్ సెట్ మీద దానికోసం అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండే కనెక్షన్ ఉంటుంది.

ఆపదలో పడ్డ ఫైర్‌మన్ రేడియోలో సాయం అడిగే మేడే పిలుపు కూడా టీవీలో అరుపులా ఉంటుంది. అసలైతే వరుస ఉంది: ఎక్కడున్నాను, ఏ బండి వాణ్ణి, నా పేరు, ఏ పని మీద వచ్చాను, గాలి ఎంతుంది, ఏం కావాలి. చోటు ముందు చెప్పాలి, మాట మధ్యలో తెగినా వెతికేవాళ్ళకి అది మిగులుతుంది. ఆ తర్వాత కదలిక గంట, అంటే మనిషి కదలకపోతే మోగే ఒంటిమీది అలారం, చేత్తోనే మోగించాలి. అది దానంతటదే మోగాలంటే మనిషి 30 సెకన్లు కదలకుండా ఉండాలి, ఇరవై సెకన్ల నుంచి ముందు హెచ్చరిక వస్తుంది. సిరీస్‌లో ఆ కీచుమనే శబ్దం వాడిన చోట్ల మాత్రం బాగా వాడారు.

మాస్క్ గురించి ఒక్క మాట. ముఖం ముందుండే పారదర్శకమైన పలక పాలీకార్బొనేట్. అది దాదాపు 150 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడుతుంది. కోటు ఇంకా తట్టుకుంటుండగానే మాస్క్ బుడగలు కడుతుంది. 2013 కూర్పులో దానికి కూడా సెగ పరీక్ష పెట్టారు, చదరపు మీటరుకి 15 కిలోవాట్ల సెగ, ఐదు నిమిషాలు.

క్లాప్‌బోర్డు:

టీవీ వైపు నుంచి కొంచెం. నిజమైన ఇంటి మంటలో నడుం ఎత్తు పైన ఏమీ కనపడదు. అది యథాతథంగా తీస్తే అరగంట నల్లటి తెర చూపించాలి. సెట్‌లో కనిపించే మంట ప్రొపేన్ గొట్టాలది. గ్యాస్ శుభ్రంగా కాలుతుంది కాబట్టి పొగ రాదు, పొగ విడిగా యంత్రంతో వదులుతారు. అందుకే మంట ప్రకాశంగా, గాలి తేటగా ఉంటుంది. మాస్కులు తీసెయ్యడం, హెల్మెట్ లోపల లైటు, అన్నీ నటుడి మొహం కోసం. ఈ సిరీస్‌కి చికాగో ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేసిన స్టీవ్ చికెరోటిస్ సాంకేతిక సలహాదారు. బయటి సన్నివేశాల్లో స్టేషన్ 51గా కనిపించేది బ్లూ ఐలండ్ అవెన్యూలో నిజంగా పనిచేసే ఇంజన్ 18 స్టేషన్. పనిముట్లు పట్టుకునే తీరు, బండి దిగే వరుస నమ్మదగ్గట్టుగా ఉండటానికి అదీ ఒక కారణం. ఏది సౌకర్యం కోసం మార్చారో తెలిస్తే మిగతాది నమ్మకంగా చూడొచ్చు.

బ్రాంచ్‌మన్63:

ట్రక్, స్క్వాడ్ ప్రశ్న మిగిలింది. అమెరికా పద్ధతిలో నీళ్ళు, పైపులు, పంపు ఇంజన్ పని. నిచ్చెనలు, తలుపులు పగలగొట్టడం, వెతకడం, గాలి దారులు ట్రక్ పని. స్క్వాడ్ కష్టమైన రక్షణలకి. సిరీస్ హీరోలంతా ట్రక్, స్క్వాడ్ వాళ్ళే కాబట్టి నీళ్ళు కెమెరాకి వెనక ఉండిపోయాయి. ఈ సిరీస్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే. మంట దానంతటదే ఆరిపోయినట్టు, మనుషుల్ని మోసుకొచ్చేవాళ్ళే అంతా చేసినట్టు అనిపిస్తుంది. పైన మేమిద్దరం చెప్పిన నిమిషాల లెక్కలన్నీ మార్చగలిగేది ఆ పైపు ఒక్కటే.

అది ఎంత బరువైన పనో చూడండి. ఇంటి మంటకి వాడేది ఒకటీ ముప్పావు అంగుళం పైపు, అంటే దాదాపు 44 మిల్లీమీటర్లు. 50 అడుగుల ముక్కలో పట్టే నీళ్ళే 24 కిలోలు. నాలుగు ముక్కలు కలిపితే 95 కిలోల నీళ్ళు, పైపు బరువు అదనం. కొసన 15/16 అంగుళాల నునుపు నాజిల్ పెట్టి, అక్కడ నీటి ఒత్తిడి 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఉంచితే నిమిషానికి సుమారు 185 గాలన్లు, అంటే 700 లీటర్లు వస్తాయి. అంత ప్రవాహానికి ప్రతి 100 అడుగులకీ రాపిడిలో 53 పీఎస్‌ఐ పోతుంది. 200 అడుగులకి 106, నాజిల్‌కి 50, పైఅంతస్తుకి ఇంకో 5. పంపు దగ్గర 160కి పెట్టాలి. నాజిల్ వెనక్కి తన్నే బలం 31 కిలోలు. ఒంటి చేత్తో పట్టుకుని పరుగెత్తే సీన్లు ఈ లెక్కతో చూసుకోండి.

తప్పులు జరిగేది రెండు చోట్ల. మెట్ల మలుపులో, తలుపు సందులో పైపు మడత పడితే కొసన ధార పల్చబడుతుంది. పంపువాడు ఒత్తిడి పెంచితే సరిపోదు, ఒకడు వెనక్కి వెళ్ళి మడత తియ్యాలి. అందుకే మలుపు దగ్గర ఒక మనిషిని నిలబెడతారు. రెండోది, ఇంజన్ ట్యాంకులో మామూలుగా ఉండేది 500 గాలన్లు. 185 చొప్పున మూడు నిమిషాలు కూడా రావు. ఒకడు లోపలికి వెళ్తుండగానే ఇంకొకడు వీధి హైడ్రంట్‌కి పైపు బిగించడం అయిపోవాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు:

ఇదంతా చెక్క ఇళ్ళకి. మన స్లాబు ఇళ్ళకి ఏం పనికొస్తుంది?

గొడ్డలి_కొక్కెం:

కప్పు కోత పనికిరాదు, కాంక్రీటు స్లాబు ఆ రంపానికి లొంగదు. మిగతాదంతా పనికొస్తుంది, కొన్నిచోట్ల ఇంకా గట్టిగా. మన అపార్ట్‌మెంట్లలో పొగకి నిలువు దారి మెట్ల గదే. పై టెర్రస్ తలుపుకి తాళం వేసి ఉంటే పొగ అక్కడ గుమిగూడి పై అంతస్తుల నుంచి కిందికి నిండుకుంటూ వస్తుంది. అంటుకున్న ఫ్లాట్ గుమ్మం తలుపు తెరిచి వదిలేసి పరుగెత్తితే ఆ మెట్లు మిగతావాళ్ళకి పనికిరావు. బయటికొస్తూ తలుపు లాగెయ్యాలి, తాళం మాత్రం వెయ్యకూడదు.

ఇక కిటికీ గ్రిల్స్. కిటికీ గుండా లోపలికెళ్ళే పద్ధతి పైన రాశానే, మన దగ్గర అది గ్రిల్ కోశాకే మొదలవుతుంది. గోడలో నాటేసిన గ్రిల్‌ని మంట సెగలో, నిచ్చెన మీద నిలబడి కోయడమంటే నిమిషాలు పోతాయి. పడగ్గదికి ఒక్క గ్రిల్ అయినా లోపల నుంచి గడియ తీసి తెరుచుకునేలా చేయించుకోండి. గడియకి తాళం వేస్తే దాని చెవి ఆ గదిలోనే, చీకట్లో చెయ్యి చాపితే అందే చోట మేకుకి తగిలించాలి. బయటికి దారి లేకపోతే గది తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర ఉండి 101కి ఏ అంతస్తు, ఏ వైపు గది అన్నది చెప్పాలి. యూఎల్ ప్రయోగాల్లో కూడా తలుపు మూసి ఉన్న పడగ్గదుల్లో మనిషి బతికే పరిస్థితి నిలిచింది, తెరిచి ఉన్న గదుల్లో నిలవలేదు.

సీరియల్‌పిచ్చి:

గ్రిల్ గడియ లోపలివైపు పెడితే దొంగ చెయ్యి పెట్టి తీయడా?

గొడ్డలి_కొక్కెం:

గడియ చుట్టూ అరచేయి వెడల్పు రేకు వెల్డ్ చేయిస్తే బయటి చెయ్యి అందదు. గ్రిల్ కబ్జాలు (మడతబందులు) లోపలివైపు ఉండాలి. ఆర్నెల్లకోసారి తీసి చూసి రెండు చుక్కలు నూనె వెయ్యండి, పెయింట్ వేసినప్పుడు గడియ అతుక్కుపోతుంది.